ఫీడు పగ్గాలు మన చేతికి: యంత్రానికి ఏది వదలాలి, ఏది వదలకూడదు

పలాసలో జీడిపిక్కల బస్తా ఎంత పలుకుతోందో చూద్దామని యూట్యూబ్‌లో వెతికితే చాలాసార్లు ముందు వచ్చేది నిరుటి వీడియో, కాకుంటే అంతకు ముందు ఏడాదిది. ఎక్కువ మంది చూశారు కాబట్టి అది పైన కూర్చుంటుంది. నిన్న బజారుకెళ్లి ధర కనుక్కుని చెప్పిన చిన్న ఛానల్ ఎక్కడో అడుగున ఉంటుంది. 80 కిలోల బస్తాలు ఇంట్లో నిలవ పెట్టుకున్న రైతుకు పాత ధర విని ఒరిగేదేమీ లేదు. అదే యూట్యూబ్ రాత్రి భోజనాలయ్యాక పాత పాటలు పెడితే మాత్రం అడక్కుండానే ఒకదాని వెనక ఒకటి మంచివే అందిస్తుంది. ఏ వీడియో ముందు చూపాలో తేల్చే ఈ యంత్రం పాటల దగ్గర పనికొచ్చి ధర దగ్గర ఎందుకు ముంచుతుందో తెలిస్తే దాన్ని ఎక్కడ నడవనివ్వాలో, ఎక్కడ ఆపాలో తేల్చుకోవచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మామూలుగా ఇళ్లల్లో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్‌ను దృష్టిలో పెట్టుకుని ఆ పని ఎలా చేయాలో కింద రాశాం. యాప్ కొత్తదైన కొద్దీ మెనూల పేర్లు కాస్త అటూ ఇటూ మారుతుంటాయి. అక్షరం అక్షరం కలవకపోతే దగ్గరి పేరు చూసుకోండి.

రెండు రకాల వరుసలు

యాప్ తెరవగానే మన ముందు వచ్చే వరుసే ఫీడు. యాప్ అందులో సరుకు పెట్టే పద్ధతులు రెండు. మనం ఎంచుకున్న మనుషులు, ఛానళ్లు పెట్టినవాటిని వచ్చిన సమయం ప్రకారం చూపడం మొదటిది. మనం ఏది నొక్కాం, ఎంతసేపు చూశాం, ఎక్కడ వేలు ఆగింది అని లెక్కగట్టి, ఇక ముందు దేని దగ్గర ఆగుతామో ఊహించి దాన్ని పైకి తేవడం రెండోది. రెండో పద్ధతికి తేదీతో పెద్దగా పని లేదు. మీరు ఆగుతారా, ఆగరా అన్నదే దానికి కావలసింది. జీడిపిక్కల ధర దగ్గర అది తప్పటడుగు వేయడానికి కారణం ఇదే.

వరుసను మనిషి తేల్చాలా, యంత్రం తేల్చాలా అన్న ఈ తగవు స్మార్ట్‌ఫోన్లతో పుట్టింది కాదు. 1980లలో కంప్యూటర్ల మీద నడిచిన యూజ్‌నెట్ అనే చర్చాబృందాలు చదివేవాళ్లకు ల్యారీ వాల్ రాసిన ఆర్‌ఎన్ అనే ప్రోగ్రామ్ ఉండేది. అందులో ‘కిల్ ఫైల్’ అని ఒకటి. ఫలానా పేరుతో, ఫలానా మాటతో వచ్చేవి నాకు చూపొద్దు అని చదివే మనిషే అందులో రాసుకునేవాడు. 1994లో గ్రూప్‌లెన్స్ అనే పరిశోధన ప్రాజెక్టు అదే యూజ్‌నెట్‌కు ఇంకో దారి చూపింది. చదివినవాళ్లు 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు, మీ అభిరుచితో కలిసేవాళ్ల మార్కులను బట్టి మీకు ఏది నచ్చుతుందో అది చెబుతుంది. అక్కడ మార్కులు మనిషి తెలిసి వేసేవాడు. ఇప్పుడు మన వేలు ఆగడమే మార్కు. తేడా అంతా అక్కడే వచ్చింది.

ముందు కాగితం మీద

సెట్టింగుల్లోకి వెళ్లేముందు ఓ పది నిమిషాలు కూర్చుని, ఫోన్‌లో మీరు చూసేవాటిని నాలుగు కుప్పలుగా రాయండి.

గడువున్నవి ఒక కుప్ప. తుపాను హెచ్చరికలు, కరెంటు కోతలు, ఉద్యోగ నోటిఫికేషన్లు, పంట సలహాలు, మార్కెట్ ధరలు. ఇవి ఒకరోజు ఆలస్యమైతే పనికిరావు. వీటిని యంత్రం ఊహకు వదలకూడదు. మనుషులవి రెండో కుప్ప. ఊరి గ్రూపు, చెన్నైలోనో హైదరాబాదులోనో పనిచేసే అన్నదమ్ములు, పిల్లల స్కూలు. ఇవి సమయం ప్రకారం వస్తే చాలు. కాలక్షేపం మూడోది. పాటలు, వంటలు, హాస్యం, క్రికెట్. దీన్ని నిస్సంకోచంగా యంత్రానికి వదిలేయండి, ఈ పని అది మనకంటే బాగా చేస్తుంది. ఇక నాలుగోది ఎవరికీ తెలియనక్కర్లేనిది. రోగాలు, అప్పులు, కోర్టు తగాదాలు. ఇవి అసలు మీ ఖాతా చరిత్రలోకే రాకూడదు.

అన్నీ ఒకేసారి ఆపేస్తామని మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. అలా చేస్తే ఫోన్ చప్పగా తయారవుతుంది, నాలుగు రోజులకు విసుగొచ్చి మళ్లీ అన్నీ తెరిచేస్తారు. కుప్పలు విడదీసుకుంటే ఆ బెడద ఉండదు.

యూట్యూబ్: అసలు మరమ్మతు హిస్టరీలో

నచ్చని వీడియో వస్తే చాలామంది చేసేది బొటనవేలు కిందికి చూపే గుర్తు నొక్కడం. దానివల్ల ఫలితం చాలా తక్కువ. 2022లో మొజిల్లా సంస్థ 20 వేల మందికి పైగా వాడకందారులు స్వచ్ఛందంగా ఇచ్చిన సమాచారంతో ఈ బటన్లను పరీక్షించింది. వద్దనుకున్నలాంటి సిఫార్సులను డిస్‌లైక్ 12 శాతం, ‘నాట్ ఇంట్రెస్టెడ్’ 11 శాతం మాత్రమే ఆపగలిగాయి. చూసిన చరిత్రలోంచి వీడియోను తీసేస్తే 29 శాతం, ‘డోంట్ రికమెండ్ ఛానల్’ నొక్కితే 43 శాతం. అన్నింటికంటే గట్టి బటన్ కూడా సగం దాకా రాలేదన్నమాట. కాబట్టి బటన్ల మీద పెట్టే శ్రమ హిస్టరీ మీద, అంటే మీరు చూసినవాటి చరిత్ర మీద పెట్టడం మేలు. యంత్రం ఊహలన్నీ పుట్టేది అక్కడే.

చేయాల్సిన వరుస ఇది:

1. యాప్‌లో కింద కుడి మూల మీ బొమ్మ నొక్కండి. పైన పళ్లచక్రం గుర్తు నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. అందులో ‘మేనేజ్ ఆల్ హిస్టరీ’.

2. అక్కడ వెతికే పెట్టె ఉంటుంది. మీకు విసుగు తెప్పిస్తున్న విషయం పేరు, లేదా ఛానల్ పేరు కొట్టండి. వచ్చినవన్నీ తీసేయండి. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రెండుసార్లు వెతకాలి, ఎందుకంటే వీడియో పేరు ఏ లిపిలో ఉందో దానికే అది తగులుతుంది.

3. అదే పేజీలో ‘ఆటో డిలీట్’. 3, 18, 36 నెలలు అని మూడు గడువులుంటాయి. 3 నెలలు పెట్టండి. ఖరీఫ్‌లో వరి తెగుళ్ల కోసం చూసినవి, వరి కోసి మినుమో పెసరో చల్లే వేళకు ఇంకా వెంటపడకుండా ఇది సరిపోతుంది. పాత భక్తి పాటల జాబితా పోతుందని బెంగ ఉంటే ముందే వాటిని ప్లేలిస్టులో వేసుకోండి. ప్లేలిస్టు దీనివల్ల చెరగదు.

4. ఆ తరవాత హోమ్ పేజీకి వచ్చి, ఇంకా కనిపిస్తున్న బెడద ఛానల్ పక్క మూడు చుక్కలు నొక్కి ‘డోంట్ రికమెండ్ ఛానల్’ కొట్టండి. వీడియోను తెరిచి చూసి కొట్టకండి. తెరవగానే అది మళ్లీ హిస్టరీలో పడుతుంది.

పొరపాటున మంచి ఛానల్‌ను కొట్టేస్తే దాన్ని ఒక్కదాన్నే విడిపించే దారి సులువుగా దొరకదు. మైయాక్టివిటీ డాట్ గూగుల్ డాట్ కామ్‌లో ‘అదర్ యాక్టివిటీ’ అనేచోట యూట్యూబ్ ‘నాట్ ఇంట్రెస్టెడ్’ ఫీడ్‌బ్యాక్ ఉంటుంది. దాన్ని చెరిపితే అన్నీ ఒకేసారి పోతాయి, మొదటి నుంచి మళ్లీ మొదలు.

పూర్తిగా మన చేతిలోనే ఉండాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా డీఎస్సీ, గ్రూప్స్ పరీక్షలకు కూర్చున్నవాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. అదే హిస్టరీ పేజీలో ‘కంట్రోల్స్’కి వెళ్లి యూట్యూబ్ హిస్టరీని ఆపేయండి, ఉన్న చరిత్రను మొత్తం చెరిపేయండి. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్ పద్ధతి ఏమిటంటే, చరిత్ర ఆపేసి, పాతది కూడా లేకపోతే హోమ్ పేజీ ఖాళీగా వస్తుంది. వెతికితేనే వీడియోలు, లేదా ‘సబ్‌స్క్రిప్షన్స్’ ట్యాబ్‌లో మీరు చేరినవి. ఇక్కడ చాలామంది సగంలో ఆగిపోతారు. చరిత్రను ఆపుతారు గాని పాతది చెరపరు. పాత చరిత్ర ఉన్నంతకాలం దాని మీదే సిఫార్సులు వస్తూ ఉంటాయి, ‘ఆపినా ఏమీ మారలేదు’ అంటారు.

వెతికేటప్పుడు తేదీ అడగడం అలవాటు చేసుకోండి. ‘జీడిపిక్కల ధర’ అని కొట్టాక పైన మూడు చుక్కల్లో ‘సెర్చ్ ఫిల్టర్స్’, అందులో అప్‌లోడ్ తేదీ ‘దిస్ వీక్’. మొదటి పేరాలో చెప్పిన నిరుటి వీడియో దీంతో పోతుంది. తీరా తెరిచాక కూడా వివరణ పెట్టెలో తేదీ చూడాలి. పాత దృశ్యాలనే కొత్త పేరుతో మళ్లీ ఎక్కించేవాళ్లు ఉన్నారు, వాళ్లను ఏ ఫిల్టరూ పట్టలేదు.

గంట నొక్కినా మోగదెందుకు

సబ్‌స్క్రైబ్ చేశాం కదా, వీడియో వచ్చిన సంగతి ఎందుకు తెలియలేదు అన్నది తరచూ వినిపించే ఫిర్యాదు. సబ్‌స్క్రైబ్ నొక్కగానే దాని పక్కనున్న గంట గుర్తు ‘పర్సనలైజ్డ్’ మీద ఉంటుంది. అంటే చెప్పాలా వద్దా అన్నది మళ్లీ యంత్రమే తేలుస్తుంది. గడువున్న కుప్పలోని ఛానళ్లకు గంట నొక్కి ‘ఆల్’ పెట్టండి. మిగతావాటికి ‘నన్’ పెట్టినా నష్టం లేదు.

‘ఆల్’ పెట్టినా అన్నీ రావు. ఒక ఛానల్ నుంచి 24 గంటల్లో మూడు వీడియోల దాకానే యూట్యూబ్ కబురు పంపుతుంది. తుపాను రోజున గంటకో బులెటిన్ పెట్టే ఛానల్‌ను నమ్ముకుంటే పొద్దున మూడు బులెటిన్లకు మోగి ఊరుకుంటుంది. అసలు అవసరమైన రాత్రి బులెటిన్ మోగదు. కాబట్టి తుపానుకు యూట్యూబ్ గంటను నమ్ముకోకండి. దానికి వేరే ఏర్పాటు కింద చెబుతాం.

కొన్ని ఫోన్లు చార్జింగ్ ఆదా పేరుతో యాప్‌లను వెనక నుంచి చంపేస్తుంటాయి. సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్, బ్యాటరీ అనే దారిలో వెళ్లి ‘నో రిస్ట్రిక్షన్స్’ లేదా ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. హెచ్చరికలిచ్చే రెండు మూడు యాప్‌లకే ఇది చేయాలి. అన్నింటికీ చేస్తే మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతుంది.

ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్

యంత్రం ఊహ ఒక ఖాతా ఒక మనిషిది అనే లెక్క మీద నడుస్తుంది. మన ఇళ్లల్లో ఆ లెక్క కుదరదు. నాన్న వరి దోమపోటు మందు చూస్తాడు, అమ్మ సీరియల్ ముక్కలు, గుంటలు కార్టూన్లు. యంత్రానికి ఈ ముగ్గురూ కలిసి ఒక వింత మనిషి. దాని ఊహలు వింతగానే ఉంటాయి.

అందరికీ తలా ఒక గూగుల్ ఖాతా పెట్టి, యూట్యూబ్‌లో మీ బొమ్మ దగ్గర ‘స్విచ్ అకౌంట్’తో మార్చుకోవడం సరైన పద్ధతి. అంత ఓపిక లేకపోతే ఒకే ఖాతాలో రెండో ఛానల్ సృష్టించుకోవచ్చు, దాని చరిత్ర వేరుగా ఉంటుంది. పిల్లలకు యూట్యూబ్ కిడ్స్ యాప్ విడిగా పెట్టడం మంచిది. కాసేపు చుట్టాలబ్బాయి చేతికి ఫోన్ ఇస్తున్నామనుకోండి, యూట్యూబ్‌లో మీ బొమ్మ నొక్కితే వచ్చే పేజీలో ‘టర్న్ ఆన్ ఇన్‌కాగ్నిటో’ నొక్కి ఇవ్వండి. అతను చూసింది మీ ఖాతాలో పడదు. తిరిగి తీసుకున్నాక దాన్ని ఆపడం మరిచిపోవద్దు. లేకపోతే మీరు చూసిందీ ఎక్కదు, మీ చందా ఛానళ్లూ కనపడవు.

ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా వీడియోలు, చెన్నై నుంచి తిరిగొచ్చినవాళ్ల ఫోన్లో తమిళం తెగ వస్తాయి. యాప్ భాషను తెలుగుకు మారిస్తే ఇది పోతుందనుకుంటారు. ఆ సెట్టింగు మారిస్తే మెనూలు తెలుగవుతాయి గాని వీడియోల ఎంపిక ప్రధానంగా చూసిన చరిత్రను బట్టే సాగుతుంది. పైన రెండో అంకెలో చెప్పినట్టు ఆ భాషవి ఏరి తీసేయడమే మందు.

ఫేస్‌బుక్, ఊరి గ్రూపులు

ఫేస్‌బుక్ తెరవగానే వచ్చే పేజీ యంత్రం పేర్చింది. సమయం ప్రకారం పేర్చిన పేజీ 2022 జులై నుంచి వేరుగా ఉంది. మెనూ నొక్కి ‘ఫీడ్స్’లోకి వెళ్లండి. ఆల్, ఫేవరెట్స్, ఫ్రెండ్స్, గ్రూప్స్, పేజెస్ అని విభాగాలుంటాయి. ‘గ్రూప్స్’ నొక్కితే మీ ఊరి గ్రూపులవి తాజావి ముందు వస్తాయి, మధ్యలో ముక్కూమొహం తెలియనివాళ్ల సిఫార్సులు ఉండవు. ఫేవరెట్స్‌లో 30 మంది లేదా పేజీల వరకు చేర్చుకోవచ్చు. చిక్కల్లా, ఈ ‘ఫీడ్స్’ను శాశ్వతంగా మొదటి పేజీగా పెట్టుకునే వీలు ఇవ్వలేదు. తెరిచిన ప్రతిసారీ మెనూలోకి వెళ్లాల్సిందే. కావాలనే అలా పెట్టారని అనుమానించడంలో తప్పు లేదు.

గ్రూపుల్లో మూడు చోట్ల యంత్రం జొరబడుతుంది, మూడూ విడివిడిగా మార్చాలి.

మొదటిది కబుర్లు, అంటే నోటిఫికేషన్లు. గ్రూపులోకి వెళ్లి, పైన గ్రూపు పేరు లేదా చుక్కలు నొక్కితే ‘మేనేజ్ నోటిఫికేషన్స్’ ఉంటుంది. అక్కడ ‘హైలైట్స్’ అని ఉంటే, ఏది ముఖ్యమో యాప్ తేల్చి కొన్నే చెబుతోందన్నమాట. ఊరి గ్రూపుకు ‘ఆల్ పోస్ట్స్’ పెట్టండి. వేల మంది ఉన్న జిల్లా గ్రూపులకు మాత్రం అలా పెట్టకండి, రోజంతా మోగుతూనే ఉంటుంది.

రెండోది పోస్టుల వరుస. ‘మోస్ట్ రెలవెంట్’ స్థానంలో కొత్త పోస్టులు ముందు వచ్చే వరుసను ఎంచుకోండి.

మూడోది కామెంట్లు. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు, అన్నింటికంటే ముఖ్యమైంది ఇదే. కరెంటు ఆరింటికి వస్తుందని ఒకాయన పోస్టు పెడతాడు. దానికి వంద లైకులు. గంట తరవాత లైన్‌మన్‌ను అడిగిన ఇంకొకాయన ‘లేదు, రేపే’ అని కింద రాస్తాడు. కామెంట్లు ‘మోస్ట్ రెలవెంట్’ మీద ఉంటే ఈ సవరణ చాలామందికి కనపడదు, కొన్ని కామెంట్లు ఆ వరుసలో చూపించనే చూపించరు. కామెంట్ల పైన ఉన్న ఆ మాట నొక్కి ‘న్యూయెస్ట్’ లేదా ‘ఆల్ కామెంట్స్’ పెట్టి చదవండి. గ్రూపు నడిపేవాళ్లయితే సవరణను కామెంటుగా వదిలేయకుండా అసలు పోస్టునే సరిదిద్దమనండి. ముఖ్యమైన పోస్టును ‘ఫీచర్డ్’లో పెట్టండి, గడువు తీరిన రోజే తీసేయండి. పైడితల్లి సిరిమానోత్సవం నాటి ట్రాఫిక్ మళ్లింపు పోస్టు సంక్రాంతికి కూడా పైనే ఉంటే జనం ఆ చోటును చూడడమే మానేస్తారు.

అబద్ధపు పోస్టు కనపడితే కింద తిట్టాలనిపిస్తుంది. తిట్టు కూడా యంత్రం లెక్కలో స్పందనే. 2017లో ఫేస్‌బుక్ కోపం, నవ్వు వంటి గుర్తులకు లైకు కంటే 5 రెట్లు బరువిచ్చిందని, కోపం గుర్తు బరువును 2020లో సున్నా చేసిందని 2021లో బయటికొచ్చిన సంస్థ లోపలి పత్రాల వల్ల తెలిసింది. కామెంటుకు మాత్రం ఇప్పటికీ విలువ ఉంది. కాబట్టి మాట్లాడకుండా మూడు చుక్కలు నొక్కి రిపోర్టు చేయండి, లేదా ఆ పేజీని 30 రోజులు కనపడకుండా ‘స్నూజ్’ చేయండి. గ్రూపు పెద్దకు విడిగా చెప్పండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో పని చిన్నదే. పైనున్న పేరు నొక్కితే ‘ఫాలోయింగ్’, ‘ఫేవరెట్స్’ వస్తాయి, ఈ రెండూ సమయం ప్రకారం నడుస్తాయి. ఫేవరెట్స్‌లో 50 ఖాతాల దాకా. సిఫార్సు పోస్టులను సెట్టింగుల్లో 30 రోజులు స్నూజ్ చేయొచ్చు, నెల తిరగ్గానే చెప్పకుండా మళ్లీ మొదలవుతాయి. రీల్స్ ట్యాబ్‌కు ఇవేవీ తగలవు. అది మొత్తం యంత్రానిదే.

వాట్సాప్‌ గ్రూపులో ఎవరూ పేర్చేది లేదు, వచ్చింది వచ్చినట్టే. అక్కడి రొద ఫార్వర్డులది. రెండు బాణాల గుర్తుంటే అది చేతులు చాలా మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ముఖ్యమైన మూడు చాట్లను పైన పిన్ చేసుకోండి, మిగతా గ్రూపులను మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి.

తుపాను, వరద: ఇక్కడ ఊహ పనికిరాదు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. కొత్తగా వాయుగుండం అనగానే ఆ పాత దృశ్యాలన్నీ మళ్లీ పైకి వస్తాయి. ఊరి పేరు అదే, చూసినవాళ్లు లక్షల్లో, యంత్రానికి అంతకంటే ఏం కావాలి? అందుకే ఈ కుప్పను ఫీడులోంచి బయటికి తీసి మూడు చోట్ల పెట్టాలి.

మొదట జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ యాప్. భాష తెలుగు ఎంచుకోండి, లొకేషన్ అనుమతి ‘ఆల్ ది టైమ్’ ఇవ్వండి, బ్యాటరీ ఆంక్ష తీసేయండి. తరవాత వాతావరణ శాఖ వారి ‘మౌసమ్’. అందులో రంగులకు అర్థం ఉంది. పసుపు అంటే గమనిస్తుండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి. మూడోది ఫోన్‌లోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’ కింద ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ తెరిచి ఉంచండి. ప్రభుత్వం టవర్ల ద్వారా పంపే హెచ్చరిక దీనికి వస్తుంది, డేటా లేకపోయినా మోగుతుంది. టవర్లు కూడా పడిపోయాక ఏ యాప్ పనిచేయదు. బ్యాటరీలతో నడిచే రేడియో ఒకటి, ఆకాశవాణి పట్టేది, ఇంట్లో ఉండాలి.

ఊరి ఆధారంగా చూపే సమాచారంలో ఇంకో లొసుగు ఉంది. మీ ఊరి వాతావరణం చూపమంటే అది మీ ఊరిదే చూపుతుంది. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో పుట్టినవి. హిరమండలంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రోజే పైన కురిసిన వానతో గొట్టా బ్యారేజీకి నీరు పోటెత్తవచ్చు. కాబట్టి వాతావరణ యాప్‌లో మీ ఊరితోపాటు వంశధార కోసం గుణుపురం, నాగావళి కోసం రాయగడ చేర్చుకోండి. ఏ యంత్రమూ ఈ రెండు పేర్లు మీకు సూచించదు, మీరే కొట్టాలి.

పంట సలహాలకు ‘మేఘదూత్’ యాప్ ఉంది. జిల్లా ఎంచుకుంటే మంగళ, శుక్రవారాల్లో సలహా వస్తుంది. ఫీడులో కనపడే ఎరువుల, మందుల వీడియోలకు బదులు ముందు ఇది చూసి, సందేహముంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగడం నయం.

ఒంట్లో బాగోలేనప్పుడు వెతికేవి

ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు తక్కువ. ఇంట్లో ఒకరికి రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) ఎక్కువొచ్చిందని ఒక్కసారి వెతికితే చాలు, ఆ రోజు నుంచి ఆకులు, కషాయాలు, పది రోజుల్లో నయం అనే వీడియోలు వెంటపడతాయి. భయంలో ఉన్న మనిషి వాటి దగ్గర ఆగుతాడు, ఆగినకొద్దీ ఇంకా వస్తాయి. యంత్రం నిండా ముంచే చోటు ఇదే.

రోగం గురించి వెతికేది ఏదైనా క్రోమ్‌లో ‘న్యూ ఇన్‌కాగ్నిటో ట్యాబ్’లో, యూట్యూబ్‌లోనైతే ఇన్‌కాగ్నిటోలో వెతకండి. ఇప్పటికే వెతికి ఉంటే మైయాక్టివిటీ పేజీలో ‘కిడ్నీ’, ‘క్రియాటినిన్’, మందు పేరు కొట్టి తీసేయండి. గూగుల్ ఖాతాలో ‘మై యాడ్ సెంటర్’ తెరిచి పర్సనలైజ్డ్ ప్రకటనలను ఆపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, తరవాత యాడ్స్‌లోకి వెళ్లి ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ నొక్కండి. ప్రకటనలు ఆగిపోవు, మీ రోగాన్ని పట్టుకుని రావడం తగ్గుతుంది. ఇన్‌కాగ్నిటో మీ ఫోన్‌లోని చరిత్రను మాత్రమే ఖాళీగా ఉంచుతుంది, మీరు తెరిచిన వెబ్‌సైటుకూ మీ నెట్‌వర్క్ కంపెనీకీ మీరు కనపడుతూనే ఉంటారు. వైద్యం మాటకొస్తే, పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. రిపోర్టు పట్టుకుని అక్కడికి వెళ్లేముందు కషాయం మొదలుపెట్టవద్దు.

అంతా చేసినా మారలేదంటే

చూసుకోవాల్సినవి కొన్నే. టీవీలోనో పాత ఫోన్‌లోనో అదే ఖాతా ఇంకా తెరిచి ఉందా? అక్కడ ఎవరో చూసేది మీ చరిత్రలోనే పడుతుంది. హోమ్ స్క్రీన్‌ను కుడికి జరిపితే వచ్చే గూగుల్ వార్తల పేజీ, ‘డిస్కవర్’, యూట్యూబ్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది. దాన్ని గూగుల్ యాప్ సెట్టింగుల్లో విడిగా ఆపాలి. లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే యాప్ నెట్‌వర్క్ చిరునామాను బట్టి ఊరు అంచనా వేస్తుంది, టెక్కలిలో కూర్చున్నవాళ్లకు హైదరాబాదు వార్తలు అలాగే వస్తాయి.

మారిందో లేదో తేల్చే పరీక్ష సులువు. ఒకే మాటను మీ ఖాతాలోనూ, ఇన్‌కాగ్నిటోలోనూ వెతికి మొదటి పది ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎంతుంటే యంత్రం మీ గురించి అంత అనుకుంటోందన్నమాట.

ఇన్ని మెనూలు తవ్వాల్సి రావడానికి చట్టం కూడా ఒక కారణం. ఐరోపా సమాఖ్యలో 2022 నాటి డిజిటల్ సేవల చట్టం ప్రకారం 4.5 కోట్ల మంది దాటి వాడే పెద్ద వేదికలు వ్యక్తిగత అంచనాల మీద ఆధారపడని వరుస కనీసం ఒకటి ఇవ్వాలి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల నడవడిని వెంటాడటాన్ని, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలను నిషేధించింది గాని పెద్దవాళ్ల ఫీడు వరుస గురించి అలాంటి షరతు పెట్టలేదు.

కొత్త ఫోన్ కొన్నప్పుడు ఇంకో పని ఉంటుంది. యూట్యూబ్ చరిత్ర, 3 నెలల గడువు, ఛానళ్ల గంట సెట్టింగులు, ఫేస్‌బుక్ ఫేవరెట్స్ ఖాతాతోపాటే వస్తాయి. బ్యాటరీ ఆంక్షలు, నోటిఫికేషన్ అనుమతులు, అడ్వర్టైజింగ్ ఐడీ, అత్యవసర హెచ్చరికల మీట మాత్రం ఫోన్‌కు చెందినవి, ఇవి రావు. సచేత్, మౌసమ్ మళ్లీ తెరిచి ఒక్కోదానికీ అనుమతులు మళ్లీ ఇవ్వాలి. అక్టోబరు వచ్చేలోపు ఈ పని అయిపోవాలి.